కారు ఆయిలు ఫిల్టరు ఎన్నాళ్లకొకసారి మార్చాలి?



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో రెండు ఒకే విషయాన్ని గూర్చి ఉన్నాయి. మొదటిది పశ్చిమ గోదావరి జిల్లా నుండి ఒక సహోదరి వ్రాసినది. ఆమె భర్త సొంత కారును బాడుగకు త్రిప్పుతూ కుటుంబాన్ని పోషిస్తున్నారు. అప్పు చేసి కొన్న సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారు. నెల నెలా వాయిదా కట్టాలి, పిల్లల ఫీజులు కట్టాలి. "ఆయిలు మార్చిన ప్రతిసారీ ఫిల్టరు మార్చనక్కరలేదు, రెండు మూడు సార్లకు ఒకసారి మారిస్తే చాలని మా షెడ్డు మెకానిక్కు అంటున్నాడు. కంపెనీ సర్వీసింగులో ప్రతిసారీ మార్చాలంటున్నారు. వాళ్లు బిల్లు పెంచుకోవడానికి అంటున్నారా, నిజంగానే అవసరమా?" అన్నది ఆమె ప్రశ్న.

రెండవది పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయునిది. "మా కారు ఆదివారం ఆరాధనకు తప్ప బయటికి రాదు. సంవత్సరానికి రెండు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. పది వేలు నిండేవరకు ఆయిలు, ఫిల్టరు జోలికి పోనక్కరలేదు గదా?" అని ఆయన అడుగుతున్నారు.

ఒక కారు రోజంతా రోడ్డు మీద ఉండేది, మరొకటి వారమంతా షెడ్డులో ఉండేది. అయినను ఇద్దరికీ జవాబు ఒక్కటే. ఆయిలు మార్చిన ప్రతిసారీ ఫిల్టరు కూడా మార్చాలి. ఆయిలు ఎప్పుడు మార్చాలన్నది కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అందులో కిలోమీటర్లు, నెలలు రెండూ వ్రాసి ఉంటాయి. ఏది ముందు వస్తే దానిని పాటించాలి. ఇది చిన్న జవాబు. ఎందుకో తెలియకుండా చెప్పిన జవాబు ఎక్కువ కాలం నిలువదు కాబట్టి కారణాలు కూడా చూద్దాం.

ఫిల్టరు చేసే పని

ఇంజిను అడుగున ఉన్న చాంబరులో ఆయిలు నిలువ ఉంటుంది. ఇంజిను నడుస్తున్నప్పుడు పంపు ఆ ఆయిలును పైకి లాగి ముందుగా ఫిల్టరులోనికి పంపుతుంది. అక్కడ వడకట్టబడిన తరువాతనే అది క్రాంకు బేరింగులకు, క్యాము షాఫ్టుకు, పైన ఉన్న వాల్వులకు చేరుతుంది. ఆయిలు పని జారుడుగా ఉంచడం మాత్రమే కాదు. అది వేడిని మోసుకొనిపోతుంది. పెట్రోలు మండగా మిగిలిన మసిని, అరిగిన లోహపు పొడిని, గాలితో లోపలికి వచ్చిన సన్నని దుమ్మును తనలో కలుపుకొని ఫిల్టరు దగ్గరకు తెస్తుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, ఆయిలు ఇల్లు ఊడ్చే చీపురు వంటిది, ఫిల్టరు చెత్తబుట్ట వంటిది. చీపురు క్రొత్తది కొని, నిండిపోయిన చెత్తబుట్టను అలాగే ఉంచితే ఇల్లు శుభ్రంగా ఉంటుందా?

ఫిల్టరులో మడతలు మడతలుగా పెట్టిన ప్రత్యేకమైన కాగితం ఉంటుంది. మామూలు ఫిల్టరు సుమారు 20 నుండి 30 మైక్రాన్లు, అంతకు పైబడిన రేణువులలో చాలా భాగాన్ని పట్టుకొంటుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. బేరింగుకూ క్రాంకుకూ మధ్య నిలిచే ఆయిలు పొర అయితే కొద్ది మైక్రాన్లే ఉంటుంది. ఆ పలుచని పొరలో ఇసుక రేణువు పడితే అది లోహాన్ని గీస్తూనే ఉంటుంది. శబ్దం రాదు, దీపం వెలగదు, కారు నడుస్తూనే ఉంటుంది. నష్టం మాత్రం ప్రతి కిలోమీటరుకూ పెరుగుతుంది.

ఫిల్టరు నిండితే ఏమవుతుంది?

మన సహోదరి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ ఉన్నది. ఫిల్టరు పూర్తిగా పూడుకొనిపోతే ఆయిలు ఆగిపోవాలి. ఆయిలు ఆగితే ఇంజిను కొద్ది నిమిషాలలోనే పట్టేస్తుంది. అలా జరుగకుండా తయారుచేసినవారు ఒక చిన్న వాల్వు పెట్టారు. కొన్ని కార్లలో అది ఫిల్టరు లోపలనే ఉంటుంది, కొన్నింటిలో ఇంజినులో ఉంటుంది. దానిని బైపాస్ వాల్వు అంటారు. కాగితం గుండా ఆయిలు పోలేనప్పుడు ఈ వాల్వు తెరచుకొని ఆయిలును ప్రక్కదారిన పంపుతుంది. అనగా వడకట్టకుండానే ఆ మురికి ఆయిలు నేరుగా బేరింగులకు పోతుంది.

ఈ ఏర్పాటు ఇంజినును వెంటనే చావకుండా కాపాడుతుంది. ఆయిలు బొత్తిగా లేకపోవడం కంటే మురికి ఆయిలు మేలు గదా! అయితే ఇందులో ఒక ప్రమాదం కూడా ఉన్నది. ఫిల్టరు పని చేయడం మానివేసినట్లు నడిపేవారికి ఏమీ తెలియదు. మామూలు కార్లలో దానిని తెలిపే దీపం లేదు. "రెండు సంవత్సరాల నుండి మార్చలేదు, ఏమీ కాలేదు" అని చెప్పేవారు అబద్ధం చెప్పడం లేదు. వారికి కనబడేటట్లు ఏమీ కాలేదు, అంతే. లోపల బేరింగులు అరగడం, ఆయిలు తాగడం మొదలై, చివరకు ఇంజిను బోరుకు వచ్చినప్పుడు అది ఫిల్టరు వలన వచ్చిందని ఎవరూ అనుకోరు. "పాత బండి గదా" అనుకొంటారు.

మరొక సంగతి. పాత ఫిల్టరును అలాగే ఉంచితే దానిలో సుమారు పావు లీటరు పాత ఆయిలు నిలిచిపోతుంది. చిన్న కారులో పట్టేది దాదాపు మూడు లీటర్లు. క్రొత్త ఆయిలుకు డబ్బు చెల్లించి, అందులో పన్నెండవ వంతు మురికి ఆయిలును మన చేతులతోనే కలుపుకొంటున్నాము.

మెకానిక్కు ఎందుకు అలా అంటున్నాడు?

ఆ మెకానిక్కు మోసగాడని నేను అనను. అతని మాటకు వెనుక ఒక చరిత్ర ఉన్నది. మొదటి రోజులలో కార్లకు ఆయిలు ఫిల్టరే లేదు. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టి కారుకు ఆయిలు పంపు కూడా లేదు. ఆ కాలంలో కొద్ది వందల మైళ్లకే ఆయిలు పారబోయవలసి వచ్చేది. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్, జార్జ్ గ్రీన్‌వుడ్ అనే ఇద్దరు కారు ఇంజినుకు ఆయిలు ఫిల్టరు కనిపెట్టి దానికి ప్యూరోలేటర్ అని పేరు పెట్టారు. "ప్యూర్ ఆయిల్ లేటర్" అనే మూడు మాటలను కుదిస్తే ఆ పేరు వచ్చింది. తరువాత చాలా కాలానికి, 1970లు, 1980లలో కూడా, కొన్ని అమెరికా కార్ల పుస్తకాలలో రెండు ఆయిలు మార్పులకు ఒక ఫిల్టరు చాలునని వ్రాసి ఉండేది.

మన దేశంలోనూ అంబాసిడర్లు, మొదటి మారుతులు తిరిగిన రోజులలో 5,000 కిలోమీటర్లకే ఆయిలు మార్చే అలవాటు ఉండేది. అప్పుడు రెండుసార్లకు ఒక ఫిల్టరు అంటే 10,000 కిలోమీటర్లు. ఇప్పుడు మన దేశంలో అమ్ముతున్న చాలా పెట్రోలు కార్లకు ఆయిలు గడువే 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరం. ఇప్పుడు కూడా రెండుసార్లకు ఒకటి అంటే ఫిల్టరు 20,000, మూడుసార్లకు ఒకటి అంటే 30,000 కిలోమీటర్లు పని చేయాలి. గడువు రెండింతలైనా పాత మాట మాత్రం మారలేదు. ఆ రెండు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. వాటి కాలపు లెక్కను ఈనాటి కారుకు పెట్టడం సరి కాదు.

లెక్క చూద్దాం

చిన్న పెట్రోలు కారుకు కంపెనీ ఫిల్టరు సాధారణంగా మూడు వందల రూపాయల లోపే దొరుకుతుంది. రెండు వందలు అనుకొందాం. బాడుగ కారు నెలకు మూడు వేల కిలోమీటర్లు తిరిగితే సంవత్సరానికి 36,000 అవుతుంది. పది వేలకొకసారి అయితే ఇంచుమించు నాలుగు మార్పులు. అందులో రెండు ఫిల్టర్లు మానుకొంటే మిగిలేది సంవత్సరానికి 400 రూపాయలు. అయిదు వేలకొకసారి మార్చినా, మూడు ఫిల్టర్లు మానితే మిగిలేది 600 రూపాయలు. ఇంజిను విప్పి బోరు చేయించి, బేరింగులు మార్చాలంటే పదుల వేల రూపాయలు. దానికి తోడు కారు షెడ్డులో ఉన్నన్ని రోజులు బాడుగ ఉండదు. వాయిదా మాత్రం ఆగదు. సహోదరీ, మీ వారితో ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించండి. మాట కంటే అంకె త్వరగా ఒప్పిస్తుంది.

కిలోమీటర్లు మాత్రమే చాలవు

కారు పుస్తకంలో మామూలు గడువుతో పాటు కఠినమైన పరిస్థితులకు వేరే గడువు ఉంటుంది. ఆ పేజీని చాలామంది చదువరు. దుమ్ము రోడ్లు, ట్రాఫిక్కులో ఎక్కువసేపు నిలబడడం, ఎప్పుడూ కొద్ది దూరమే నడపడం, బరువు లాగడం ఇవన్నీ కఠిన పరిస్థితులే. చాలా కార్లకు ఇటువంటప్పుడు గడువు సగానికి తగ్గుతుంది. అనగా 5,000 కిలోమీటర్లు లేక ఆరు నెలలు.

విజయవాడ బెంజ్ సర్కిలు దగ్గర సాయంకాలం వేళ నిలబడిన కారును గమనించండి. ఏసీ వేసి ఉంటుంది, ఇంజిను నడుస్తూ ఉంటుంది, ఆయిలు కాగుతూ ఉంటుంది. కిలోమీటర్ల అంకె మాత్రం కదలదు. తాండూరు వైపు నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు తిరిగే రోడ్డు మీద కారుకు దుమ్ము బెడద ఎక్కువ. అక్కడ ఆయిలు ఫిల్టరుతో పాటు గాలి ఫిల్టరును కూడా తరచుగా చూపించాలి. గాలి ఫిల్టరు చిరిగితే ఆ దుమ్మంతా ఆయిలులోనికే వస్తుంది. ఎదురుగా, ఊరి నుండి ఊరికి హైవే మీద నిదానంగా పోయే కారుకు కష్టం తక్కువ. కాబట్టి సహోదరి భర్త ఎక్కువగా దూర ప్రయాణాలు చేస్తుంటే పుస్తకంలోని మామూలు గడువు చాలు. టౌనులోనే త్రిప్పుతుంటే తక్కువ గడువును పాటించడం మేలు.

ఇక మాస్టారి కారు. తక్కువ తిరిగితే తక్కువ అరుగుతుందని ఆయన తలంపు. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజిను బాగా వేడెక్కేంత దూరం నడిస్తే ఆయిలులో చేరిన ఆ తడి, కొద్దిగా కలిసిన పెట్రోలు ఆవిరై పోతాయి. ఇంటి నుండి చర్చికి రెండు కిలోమీటర్లు, తిరిగి రెండు కిలోమీటర్లు నడిచే కారులో అవి పోవడానికి సమయమే ఉండదు. లోపలనే నిలిచి, ఆయిలును పాడుచేసి, జిగట మడ్డిగా మారి ఫిల్టరును పూడ్చివేస్తాయి. ఆయిలు పోసే మూత విప్పినప్పుడు లోపలివైపు మీగడ వంటి తెల్లని జిగురు కనబడితే ఇదే గుర్తు. రేడియేటరు నీరు ఆయిలులో కలిసినా అలాగే కనబడవచ్చు కాబట్టి వెంటనే మెకానిక్కుకు చూపించాలి. అయ్యా, మీ కారు రెండు వేలు తిరిగినా, ఏడు వందలు తిరిగినా, సంవత్సరం నిండగానే ఆయిలు, ఫిల్టరు రెండూ మార్పించండి. ఎప్పుడూ ఆ రెండు కిలోమీటర్లే అయితే ఆరు నెలలకే మార్చడం ఇంకా క్షేమం. నెలకొకసారి ఓ అరగంట సేపు ఊరి బయటికి తీసుకొనిపోండి. అమ్మగారికి కూడా గాలి మార్పు!

ఆయిలు రంగును చూసి గడువు నిర్ణయించవద్దు. డీజిలు ఇంజినులో క్రొత్త ఆయిలు కూడా త్వరలోనే నల్లబడుతుంది. దాని అర్థం అది మసిని పట్టుకొంటున్నదనే. గ్యాసు మీద నడిచే కారులో ఆయిలు చాలా కాలం తేటగానే కనబడుతుంది. అంత మాత్రాన దాని శక్తి తగ్గలేదని కాదు. డీజిలు కార్ల గడువు పెట్రోలు కార్ల గడువు వలె ఉండకపోవచ్చు. మీ పుస్తకమే ప్రమాణం. బ్యాటరీతో మాత్రమే నడిచే కార్లకు ఇంజిను ఆయిలు లేదు, ఈ ఫిల్టరు కూడా లేదు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారికి ఒక మాట. అమ్మినవారు ఎప్పుడు మార్చారో కాగితం చూపించలేకపోతే, కొన్న వారంలోనే ఆయిలు, ఫిల్టరు మార్పించి ఆ తేదీ నుండి లెక్క మొదలుపెట్టండి.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

1. మీ కారు మోడలుకు, ఇంజినుకు చెప్పిన ఫిల్టరునే కొనండి. మరలు సరిపోయినంత మాత్రాన అది మీ ఫిల్టరు కాదు. లోపలి వాల్వు, కాగితం వేరుగా ఉండవచ్చు.

2. నకిలీలు మార్కెట్టులో ఉన్నాయి. నమ్మకమైన దుకాణంలో బిల్లుతో కొనండి. మూడవ వంతు ధరకు కంపెనీ పెట్టెలో వచ్చేది కంపెనీ సరుకు అయ్యే అవకాశం తక్కువ.

3. పాత ఫిల్టరును పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించడం కొందరికి అలవాటు. మడతల లోపలి మురికి అలా పోదు. ఆ పని చేయనివ్వవద్దు.

4. పాత ఫిల్టరు తీసినప్పుడు దాని రబ్బరు వాషరు ఇంజినుకే అంటుకొని ఉండిపోవచ్చు. దాని మీద క్రొత్తది బిగిస్తే ఒత్తిడికి ఆయిలంతా రోడ్డు మీదికి చిమ్ముతుంది. ఆ చోటును గుడ్డతో తుడిచి చూడమనండి.

5. క్రొత్త వాషరుకు వ్రేలితో కొంచెం క్రొత్త ఆయిలు రాయాలి. డబ్బా వంటి ఫిల్టరును చేతితోనే బిగించాలి. వాషరు ఆనిన తరువాత సుమారు ముప్పాతిక చుట్టు చాలు. ఫిల్టరు మీద వేరే కొలత వ్రాసి ఉంటే దానినే పాటించాలి. కొన్ని కార్లలో గిన్నెలో పెట్టే కాగితపు ఎలిమెంటు ఉంటుంది. దానితో వచ్చే రబ్బరు రింగును కూడా తప్పక మార్చాలి.

6. ఇంజిను స్టార్టు చేసి ఎర్రని ఆయిలు దీపం ఆరేవరకు రేజు చేయకూడదు. రెండు నిమిషాలు నడిపి, క్రిందికి వంగి కారుతున్నదేమో చూసి, ఆపి, కొంతసేపటికి గేజి కడ్డీతో మట్టం చూడాలి.

7. విప్పిన పాత ఫిల్టరును మీకు చూపించమని అడగండి. అడగడం అవమానించడం కాదు. మంచి పనివాడు సంతోషంగా చూపిస్తాడు.

రోడ్డు మీద పోతుండగా ఎర్రని ఆయిలు దీపం వెలిగితే "ఇంటికి పోయి చూద్దాం" అనుకోవద్దు. క్షేమమైన చోట వెంటనే ఆపి ఇంజిను కట్టివేయండి. ఆ దీపం ఒత్తిడి పోయిందని చెబుతున్నది. అటువంటి స్థితిలో ఒక్క కిలోమీటరు కూడా ఎక్కువే.

తీసిన పాత ఆయిలును కాలువలో పోయవద్దు. చెదలు పట్టకుండా దూలాలకు, కంచె కర్రలకు పూసే అలవాటు కూడా మంచిది కాదు. అందులో లోహాలు, ఒంటికి హాని చేసే పదార్థాలు ఉంటాయి. బావి నీటిలోనికి చేరితే ఇరుగుపొరుగువారందరికీ నష్టం. 2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ప్రమాదకర వ్యర్థాల నియమాల క్రింద వాడేసిన ఆయిలు కూడా ఉన్నది. మార్పించిన చోటనే, దానిని సేకరించేవారికి అప్పగించేటట్లు చూడండి. మన వాకిలి శుభ్రంగా ఉంచుకొని పొరుగువాని బావిలో వదలడం పొరుగువానిని ప్రేమించడం కాదు.

సంఘపు వాహనం సంగతి

చివరగా సంఘ పెద్దలతో ఒక మాట. సంఘానికి ఉన్న వ్యాను అందరిదీ గనుక తరచుగా ఎవరిదీ కాకుండా పోతుంది. అయ్యగారు గ్రామ సంఘాలకు వెళ్లడానికి, యువజనులు మెదక్ దేవాలయం చూడడానికి, రోగిని వేలూరు ఆసుపత్రికి తీసుకొనిపోవడానికి అందరూ దానినే అడుగుతారు. నడిపేవారు నలుగురు. చివరిసారి ఫిల్టరు ఎప్పుడు మార్చారని అడిగితే జవాబు చెప్పేవారు ఒక్కరూ ఉండరు. సహోదరులు, సహోదరీలు కానుక పెట్టెలో వేసిన డబ్బుతో కొన్న బండి అది. విధవరాలు కష్టపడి ఇచ్చిన పది రూపాయలు కూడా అందులో ఉన్నాయి. అర్ధరాత్రి రోగితో దారి మధ్యలో ఆ ఇంజిను పట్టేస్తే మన కమిటీ తీర్మానాలు ఎవరికి ఉపకరిస్తాయి?

దీనికి పెద్ద ఏర్పాటు అక్కరలేదు. డ్యాషుబోర్డు అరలో అరవై పేజీల నోటుపుస్తకం ఒకటి పెట్టండి. తేదీ, కిలోమీటర్లు, ఆయిలు రకం, ఫిల్టరు మార్చినది లేనిది, బిల్లు నంబరు, ఈ అయిదు గడులు చాలు. మళ్లీ ఏ తేదీకి లేక ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో ఒక చీటీ మీద వ్రాసి అద్దం మూల అంటించండి. ఆ పుస్తకానికి ఒక్క మనిషిని బాధ్యునిగా నియమించి, సంవత్సరాంతపు లెక్కలతో పాటు దానిని కూడా సంఘం ముందు ఉంచండి. సొంత కారు ఉన్న కుటుంబాలకు కూడా ఇదే పుస్తకం పనికివస్తుంది. ఇంట్లో హైస్కూలు చదివే అబ్బాయికో అమ్మాయికో ఆ పని అప్పగించండి. నమ్మకంగా ఉండడం పిల్లలు ఇటువంటి చిన్న పనులలోనే నేర్చుకొంటారు.

పదిమంది కన్యకల ఉపమానం మన ప్రభువు కార్లను గూర్చి చెప్పలేదని మనకందరికీ తెలుసు. అయినను దివిటీ ఉండడం వేరు, నూనె సిద్ధంగా ఉంచుకోవడం వేరు అన్న సంగతి ప్రతి ఇంటికీ, ప్రతి బండికీ వర్తిస్తుంది. దేవుడు మన చేతికి అప్పగించిన వస్తువు కారైనా, కుట్టు మిషనైనా, దానిని కాపాడుకోవడం కూడా ఆయనకు లెక్క అప్పగించవలసిన పనే.

వచ్చే నెల రేడియేటరు నీటిని గూర్చి, వేసవిలో టైర్ల గాలిని గూర్చి చూద్దాం. అంతవరకు ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.